ఆర్‌సీ విమానానికి ఫ్లైట్ లాగ్: 60 ఫ్లైట్ల ప్రాజెక్టు డైరీ

ఒక ఫోమ్ ట్రైనర్ (నేల మీద నుంచి రేడియోతో ఎగరేసే, నేర్చుకోవడానికి వాడే చిన్న విమానం), నాలుగు బ్యాటరీ ప్యాక్‌లు, 60 ఫ్లైట్లు. వీటి లెక్క రాసే పద్ధతి మూడుసార్లు మారింది. ఏ కొలత తప్పుదారి పట్టించింది, ఏ గడి తీసేశాం, దాని బదులు ఏం పెట్టాం అన్నది ఇక్కడ వరుసగా ఉంది. తొందరలో ఉన్నవాళ్లు చివర్లో ఉన్న తొమ్మిది గడుల పట్టికను తీసుకుని నేరుగా వాడుకోవచ్చు. కానీ 2, 3 దశల్లోని పొరపాట్లు మాత్రం చదవండి. అవి దాదాపు అందరికీ ఎదురయ్యేవే.

సామాను

- విమానం: పైరెక్క ఫోమ్ ట్రైనర్, రెక్కల పొడవు 1200 మిల్లీమీటర్లు, బ్యాటరీతో బరువు 1080 గ్రాములు.
- మోటారు 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు), ప్రాప్ (ముందు తిరిగే పంకా) 9×6 (అంగుళాల్లో వ్యాసం, ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరం), ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది) 30 ఆంపియర్లు. బీఈసీ (రిసీవరుకు, సర్వోలకు కరెంటు ఇచ్చే భాగం) అందులోనే ఉంది: 5 వోల్టులు, 2 ఆంపియర్లు.
- సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు): 9 గ్రాములవి నాలుగు.
- ప్యాక్‌లు: 3ఎస్ (మూడు సెల్‌లవి) 2200 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు) లైపోలు (లిథియం పాలిమర్ బ్యాటరీలు) నాలుగు.
- రేడియో (చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్): ఎడ్జ్‌టీఎక్స్ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నది. 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ (రేడియో లింక్), టెలిమెట్రీ (విమానం నుంచి రేడియోకు వచ్చే కొలతలు) పంపే రిసీవర్.
- కొలవడానికి: సెల్ చెకర్, మల్టీమీటర్, వంటింటి డిజిటల్ కాటా, స్టీలు స్కేలు, ఎంఏహెచ్ చూపించే బ్యాలెన్స్ ఛార్జర్.

దశ 1: నోట్‌బుక్ (ఫ్లైట్ 1–12)

మొదటి పట్టికలో 14 గడులు గీశాం: తేదీ, స్థలం, ఫ్లైట్ నంబరు, టేకాఫ్ సమయం, ల్యాండింగ్ సమయం, గాలి దిశ, గాలి వేగం, ఉష్ణోగ్రత, మబ్బు, ప్యాక్, ముందు వోల్టేజీ, తర్వాత వోల్టేజీ, ట్రిమ్‌లు (విమానం సూటిగా పోవడానికి రేడియోలో చేసే చిన్న సర్దుబాట్లు), విశేషాలు.

12 ఫ్లైట్లకు 168 గడులు నిండాలి. నిండినవి 83. ఆ నిండినవైనా పనికొచ్చేలా లేవు. గాలి వేగం దగ్గర "మామూలు", "కొంచెం ఎక్కువ" అని ఉంది. ప్యాక్ దగ్గర "నీలం టేపుది", "కొత్తది" అని ఉంది. నెల తిరిగేసరికి నీలం టేపు ఊడిపోయింది, కొత్తది పాతదైపోయింది. విశేషాల దగ్గర తొమ్మిదిసార్లు "బాగా ఎగిరింది" అనే రాసి ఉంది. మూడు ఫ్లైట్లకు ల్యాండింగ్ సమయమే లేదు.

విమానం దిగిన రెండు నిమిషాల్లో ఒక చేతిలో రేడియో ఉంటుంది, రెండో చేత్తో బ్యాటరీ ప్లగ్ తీయాలి, పక్కవాళ్లు రన్‌వే ఖాళీ చేయమంటుంటారు. 14 గడులు నింపడానికి అది సమయం కాదు. పైగా చెమట చేతికి జెల్ పెన్ను సిరా పాకి, రెండు పేజీలు చదవడానికే వీల్లేకుండా పోయాయి.

మార్చినవి:

1. తేదీ, స్థలం, ఫ్లైట్ నంబర్లు ముందు రాత్రే రాసేయాలి. గ్రౌండ్‌లో నింపాల్సినవి నాలుగు గడులకు మించకూడదు.
2. జెల్ పెన్ను బదులు పెన్సిల్. దాన్ని అట్ట క్లిప్‌బోర్డుకు దారంతో కట్టేయాలి.
3. మబ్బు, ట్రిమ్‌లు, గాలి దిశ తీసేశాం. రెండు గడియారం సమయాల స్థానంలో ఎగిరిన నిమిషాలు అనే ఒక్క గడి వచ్చింది.
4. గాలికి మాటలొద్దు, అంకె కావాలి. ఒకటిన్నర మీటర్ల కర్రకు 30 సెంటీమీటర్ల రిబ్బను కట్టాం. వేలాడితే 0, కదులుతూ ఏటవాలుగా నిలిస్తే 1, నేలకు సమాంతరంగా లేస్తే 2, పటపట కొట్టుకుంటే 3. 3 అయితే ఆ పూట ఎగరేయకూడదు. ఎవరు చూసినా ఒకే అంకె వస్తుంది, దీనికి యంత్రం అక్కర్లేదు.

స్థలం గడిని మాత్రం ఉంచేశాం, ఒక మాట కూడా చేర్చాం. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా వెళ్లొచ్చు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్న చోట ఆ హద్దు 200 అడుగులే. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్లు మారుతూ ఉంటాయి కాబట్టి, స్థలం పక్కన జోన్ రంగు, మ్యాప్ చూసిన తేదీ రాస్తున్నాం.

మొత్తం: ఫ్లైట్లు 12. సమయం తెలిసినవి 9, కలిపి 61 నిమిషాలు. ఏ ప్యాక్‌తో ఎగిరిందో తెలిసినవి: సున్నా.

ఆ సున్నా చాలా పెద్ద నష్టం. నాలుగు ప్యాక్‌ల మొదటి 12 ఛార్జీలు ఎవరి ఖాతాలో వేయాలో ఇక ఎప్పటికీ తెలియదు.

దశ 2: ప్యాక్‌కు నంబరు, ఛార్జర్ అంకె (ఫ్లైట్ 13–24)

ప్యాక్‌లకు ఏ1, ఏ2, ఏ3, ఏ4 అని పేర్లు పెట్టాం. మొదట కాగితం స్టిక్కరు అంటించాం. బ్యాటరీ గదిలో వెల్‌క్రో పట్టీ రాసుకుని నాలుగో ఫ్లైట్‌కే చిరిగింది. తర్వాత తెల్ల పెయింట్ మార్కరుతో ప్యాక్ వెడల్పు వైపు ఒకసారి, పసుపు ఎక్స్‌టీ60 ప్లగ్ మీద ఒకసారి రాశాం. ప్లగ్ మీద రాయడం ముఖ్యం. ప్యాక్ విమానంలో ఉండగా బయటికి కనిపించేది అదొక్కటే.

వోల్టేజీ దగ్గర రెండు తప్పులు దొర్లాయి.

ఒకటి, రెండు సెల్ చెకర్లు వాడటం. ఒకే ప్యాక్‌లో ఒకే సెల్‌కు ఒకటి 3.86 చూపితే రెండోది 3.82 చూపింది. మల్టీమీటరు 3.85 అంది. మల్టీమీటరుకు దగ్గరగా ఉన్నదాన్ని లాగ్ సంచిలో పెట్టి, రెండోదాన్ని గ్రౌండ్‌కు తేవడం మానేశాం. చెకరు కచ్చితత్వం కంటే ప్రతిసారీ అదే చెకరు కావడం ఎక్కువ అవసరం.

రెండు, దిగిన వెంటనే కొలవడం. మోటారు ఆగిన అరనిమిషానికి 3.68 ఉన్న సెల్, పది నిమిషాలకు 3.77కు తేరుకుంది. ఒక రోజు వెంటనే, ఇంకో రోజు పావుగంట తర్వాత కొలిస్తే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడలేం. ఇప్పుడు నియమం: దిగిన పది నిమిషాల తర్వాత, ప్లగ్ తీసి, నీడలో.

తర్వాత ఛార్జర్ అంకె. ప్యాక్‌ను తిరిగి నింపడానికి ఛార్జర్ ఎన్ని ఎంఏహెచ్ పోసిందో, ఫ్లైట్‌లో సుమారు అంత ఖర్చయినట్టు. దాన్ని ఎగిరిన నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఖర్చు వస్తుంది. ఈ ఒక్క అంకె కోసమే లాగ్ రాయొచ్చు. టైమరు ఎంత పెట్టాలో తేల్చేది ఇదే, విమానంలో ఎక్కడో రాపిడి పెరిగితే ముందుగా చెప్పేదీ ఇదే.

మొదటి నాలుగు ఫలితాలు ఇలా వచ్చాయి:

- ఫ్లైట్ 13, ఏ1: 7 నిమిషాల 00 సెకన్లు, 1120 ఎంఏహెచ్. నిమిషానికి 160.
- ఫ్లైట్ 14, ఏ2: 7:20, 1188 ఎంఏహెచ్. నిమిషానికి 162.
- ఫ్లైట్ 15, ఏ3: 7:10, 905 ఎంఏహెచ్. నిమిషానికి 126.
- ఫ్లైట్ 16, ఏ4: 6:50, 1271 ఎంఏహెచ్. నిమిషానికి 186.

అదే విమానం, అదే ప్రాప్, అదే పూట. 126 ఎందుకు, 186 ఎందుకు?

ఏ3 సంగతి: గ్రౌండ్ నుంచి వచ్చిన రాత్రే దాన్ని స్టోరేజీ మోడ్‌లో పెట్టారు. ఆ మోడ్ సెల్‌కు 3.85 దాకా తెచ్చి ఆపేసింది. అప్పుడు 250 ఎంఏహెచ్ వెళ్లింది, అది ఎవరూ రాయలేదు. వారం తర్వాత పూర్తిగా ఛార్జ్ చేసినప్పుడు వెళ్లిన 905 ఒక్కటే లాగ్‌లోకి ఎక్కింది. రెండూ కలిపితే 1155, నిమిషానికి 161. అప్పటి నుంచి ఎంఏహెచ్ గడిని రెండుగా చీల్చాం: స్టోరేజీకి వెళ్లినది, పూర్తి ఛార్జీకి వెళ్లినది. ప్యాక్ స్టోరేజీ కంటే ఎక్కువ వోల్టేజీతో తిరిగొస్తే ఛార్జర్ దాన్ని దించుతుంది. అప్పుడా అంకె ముందు మైనస్ గుర్తు పెట్టి కలపాలి.

ఏ4 సంగతి: టైమరును స్విచ్‌తో మొదలుపెట్టేవాళ్లం. టేకాఫ్ హడావిడిలో స్విచ్ వేయడం ఆలస్యమైంది. నేల మీద నుంచి ఆ ఫ్లైట్‌ను తీసిన వీడియోలో టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా 7:50 ఉంది. ఆ లెక్కన నిమిషానికి 162.

టైమరు సర్దుబాటు, ఎడ్జ్‌టీఎక్స్‌లో:

1. టైమర్ 1ని "థ్రాటిల్ స్టార్ట్" మోడ్‌లో పెట్టాలి. థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్) మొదటిసారి లేవగానే మొదలవుతుంది, మళ్లీ దించినా ఆగదు.
2. ఉత్త "థ్రాటిల్" మోడ్ వద్దు. స్టిక్ పూర్తిగా కిందికి దించి గ్లైడ్ చేస్తున్నంతసేపు అది లెక్కించదు. 8 నిమిషాల ఫ్లైట్‌ను ఆరున్నరగా చూపుతుంది.
3. టైమర్ 2ని "థ్రాటిల్ శాతం" మోడ్‌లో పెట్టాలి. సగం థ్రాటిల్‌కు సగం వేగంతో నడుస్తుంది. ఆ ఫ్లైట్‌లో మోటారును ఎంత వాడామో దీనితో తెలుస్తుంది.
4. నేల మీద మోటారు తిప్పి చూశాక ఫ్లైట్ రీసెట్ చేయాలి. లేకపోతే ఆ తిప్పిన సమయం కూడా కలుస్తుంది.
5. చక్రాలు నేలకు తాకగానే టైమర్ 1 అంకెను పైకి చదవాలి. ట్యాక్సీ చేస్తున్నప్పుడూ అది నడుస్తూనే ఉంటుంది. పక్కనున్నవాళ్లు రాస్తారు.

ఇక టైమరు హద్దు. ప్యాక్‌లో 80 శాతమే వాడాలన్నది మా నియమం: 2200లో 1760. దాన్ని 162తో భాగిస్తే 10.9 నిమిషాలు. గాలి అంకె 2 ఉన్న రోజు ఖర్చు 173 దాకా పోయింది, అంటే 10.2 నిమిషాలు. ల్యాండింగ్ కుదరక రెండుసార్లు మళ్లీ చుట్టి రావడానికి రెండు నిమిషాలు తీసేసి, అలారం 8 నిమిషాలకు పెట్టాం. దీనికి ముందు టైమరు 10 మీద ఉండేది, అది కూడా ఎవరో చెప్పగా పెట్టిన అంకె.

మొత్తం: ఫ్లైట్లు 24. తెలిసిన సమయం 61 + 86 = 147 నిమిషాలు. నంబరుతో ఎగిరిన ప్యాక్ ఫ్లైట్లు 12.

దశ 3: రేడియో ఎస్‌డీ కార్డు లాగ్ (ఫ్లైట్ 25–38)

పెన్సిల్‌తో రాసిన లాగ్ ఫ్లైట్ మొత్తానికి ఒక అంకె ఇస్తుంది. మధ్యలో ఏం జరిగిందో రేడియోనే చెప్పాలి. దీనికి విడిగా ఏమీ కొనక్కర్లేదు.

1. ప్రాప్ తీసేయాలి. విమానానికి కరెంటు ఇచ్చి, టెలిమెట్రీ పేజీలో కొత్త సెన్సార్ల కోసం వెతికించాలి. జాబితా నిండాక వెతకడం ఆపాలి.
2. స్పెషల్ ఫంక్షన్స్ పేజీలో ఒక వరుసకు "ఎస్‌డీ లాగ్స్" ఎంచుకోవాలి.
3. ఆ వరుసకు ఒక స్విచ్, ఒక విరామం ఇవ్వాలి.
4. రేడియో తేదీ, సమయం సరిచూడాలి.
5. ఎగిరి వచ్చాక కార్డులోని లాగ్స్ ఫోల్డర్ తెరిస్తే సీఎస్‌వీ (పట్టిక) ఫైళ్లు ఉంటాయి. పేరులో మోడల్ పేరు, తేదీ ఉంటాయి.

తప్పినవి:

స్విచ్. మొదట లాగ్‌కు విడిగా ఒక స్విచ్ ఇచ్చాం. నాలుగు ఫ్లైట్లలో రెండింటికి దాన్ని వేయడం మరిచిపోయాం. ఇప్పుడు మోటారు లాక్ తీసే స్విచ్‌కే లాగ్ కట్టాం. లాక్ తీయకుండా ఎగరలేం కాబట్టి లాగ్ తప్పదు. దిగి లాక్ వేయగానే రాయడం ఆగుతుంది. ఆగాకే రేడియో ఆపాలి, ముందే ఆపేస్తే చివరి వరుసలు పోవచ్చు.

విరామం. ఉత్సాహంతో 0.1 సెకను పెట్టాం. 8 నిమిషాలకు 4800 వరుసలు వచ్చాయి, కానీ వోల్టేజీ గడిలో ఒకే అంకె పది పదిహేను వరుసలు అలాగే ఉండిపోయింది. టెలిమెట్రీ అంత త్వరగా కిందికి రాదు మరి. రేడియో పాత అంకెనే మళ్లీ మళ్లీ రాసుకుపోతుంది. 0.5 సెకనుకు మార్చాం: 960 వరుసలు, సమాచారంలో కనిపించే నష్టం లేదు.

తేదీ. ఒక పూట ఫైళ్లన్నీ ఏళ్లనాటి తేదీతో పడ్డాయి. రేడియో లోపలి గడియారపు బటన్ సెల్ అయిపోయింది. సెల్ మార్చాక లాగ్ సంచి మూత మీద ఒక మాట రాసుకున్నాం: మోటారు లాక్ తీసే ముందు తేదీ చూడు.

ఇంత చేశాక మొదటి నికరమైన ఫలితం ఫ్లైట్ 29లో వచ్చింది. మా రిసీవరు చూపే వోల్టేజీ బీఈసీది. అది 5.0 దగ్గర నిలకడగా ఉండాలి. ఆ ఫ్లైట్‌లో 11 చోట్ల 4.6 కంటే దిగింది, కనిష్ఠం 4.4. రేడియో లాగ్‌లో స్టిక్‌ల స్థానాలు కూడా ఉంటాయి, ఒక కొస నుంచి ఇంకో కొసకు మైనస్ 1024 నుంచి 1024 దాకా. 11 చోట్లా ఐలెరాన్ స్టిక్ (విమానాన్ని పక్కకు ఒరిగించేది) 900 దాటి కుడివైపే ఉంది. వోల్టేజీ వరుస స్టిక్ వరుస కంటే కాస్త వెనకగా వస్తుంది. అందుకని అదే వరుసలో వెతికితే దొరకదు, పైన రెండు మూడు వరుసలు చూడాలి. ఫ్లైట్ 30లోనూ అంతే.

నేల మీద, ప్రాప్ తీసి, స్టిక్ పూర్తిగా కుడికి నెట్టి పట్టుకున్నాం. ఎడమ రెక్క సర్వో నుంచి సన్నగా దోమ పాడినట్టు శబ్దం. రెక్క తిరగేసి చూస్తే, పుష్‌రాడ్ (సర్వోను రెక్క పలకకు కలిపే తీగ) చివర జెడ్ వంపు ఫోమ్ గాడి అంచుకు తగులుతోంది. ఆ అంచున మెరుస్తూ నొక్కుకుపోయిన చిన్న గీత, దాని కింద తెల్లటి ఫోమ్ పొడి. సర్వో ఎర్ర తీగ మధ్యలో మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి కొలిస్తే 0.74 ఆంపియర్లు చూపింది. 2 ఆంపియర్ల బీఈసీ మీద ఒక్క సర్వో భారమే అంత. గాడిని బ్లేడుతో 2 మిల్లీమీటర్లు పెంచాం. అదే స్థానంలో మీటరు 0.05 దగ్గరకు దిగింది. ఫ్లైట్ 31 లాగ్‌లో బీఈసీ కనిష్ఠం 4.9.

30 ఫ్లైట్ల పాటు ఈ లోపం విమానంలో ఉంది. పైనుంచి చూస్తే ఏ తేడా లేదు, విమానం కుడికి చక్కగా తిరిగేది. నిమిషానికి ఖర్చులో కూడా బయటపడలేదు. స్టిక్ ఆ కొసలో ఉండేది కొన్ని సెకన్లే కాబట్టి మోటారు ఖర్చు ముందు అది ఎంతో కాదు.

రెండో ఫలితం లింక్ క్వాలిటీ (రేడియో సంకేతం ఎంత శాతం సరిగ్గా అందుతోందో చెప్పే అంకె) గడిలో. ఫ్లైట్లు 33 నుంచి 36 దాకా విమానం దూరపు మలుపులో ఎడమకు ఒరిగినప్పుడల్లా 100 నుంచి 60ల్లోకి దిగింది. సూటిగా వచ్చేటప్పుడు వెంటనే 100. దూరం కారణమైతే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకేలా తగ్గాలి. తెరిచి చూస్తే రిసీవరు యాంటెనా రెక్కలోని కార్బన్ గొట్టం పక్కనే, దానికి సమాంతరంగా టేపుతో అంటించి ఉంది. కార్బన్ రేడియో తరంగాలకు అడ్డు. విమానం ఒరిగినప్పుడు ఆ గొట్టం, బ్యాటరీ రెండూ మనకూ యాంటెనాకూ మధ్య పడుతున్నాయి. యాంటెనాను తోక వైపు 90 మిల్లీమీటర్లు జరిపి, నిలువుగా నిలబెట్టాం. ఫ్లైట్ 37లో కనిష్ఠం 96.

మొత్తం: ఫ్లైట్లు 38. సమయం 147 + 108 = 255 నిమిషాలు. లాగ్ వల్ల దొరికిన లోపాలు 2.

దశ 4: కూర్పు అక్షరం, ప్యాక్ ఆరోగ్యం (ఫ్లైట్ 39–60)

ఫ్లైట్ 41 నుంచి నిమిషానికి ఖర్చు ఒక్కసారిగా 162 నుంచి 140కి పడిపోయింది. ఆరు ఫ్లైట్లు అలాగే. యాంటెనా సర్దినప్పుడు లోపల తీగలు కుదురుగా పెట్టడం వల్లేమో అని కూడా లాగ్‌లో రాసి ఉంది. అసలు కారణం ఫ్లైట్ 40 ల్యాండింగ్. ముక్కు నేలకు తగిలి ప్రాప్ విరిగింది. సంచిలో ఉన్న 8×6 బిగించి ఎగరేశారు, ఎవరూ రాయలేదు. పైకి ఎక్కడం మందగించిందని రెండుచోట్ల ఉంది, అయినా ఆ రెంటికీ ముడి వేయలేదు. 47కు ముందు 9×6 తిరిగి వేస్తే 163 వచ్చింది.

దీంతో నోట్‌బుక్ చివరి పేజీల్లో కూర్పుల పట్టిక మొదలైంది. విమానంలో ఏ వస్తువు మారినా, ఏ కొలత మారినా కొత్త అక్షరం. ప్రతి ఫ్లైట్ వరుసలో ఆ అక్షరం ఉండాలి. మొదట అ, ఆ, ఇ, ఈ అని పెట్టాం. పెన్సిల్ రాతలో అ, ఆ ఒకలాగే కనిపించాయి. అందుకని విడిగా కనిపించే హల్లులు తీసుకున్నాం:

- క (ఫ్లైట్ 1–30): ప్రాప్ 9×6, బరువు 1080 గ్రాములు, సీజీ (విమానం బరువు సమతూకం కుదిరే బిందువు) రెక్క ముందంచు నుంచి 58 మిల్లీమీటర్లు.
- గ (31–36): ఎడమ పుష్‌రాడ్ గాడి 2 మిల్లీమీటర్లు పెంచినది.
- చ (37–40): యాంటెనా తోక వైపు, నిలువుగా.
- ట (41–46): ప్రాప్ 8×6.
- న (47–60): ప్రాప్ 9×6 తిరిగి. సీజీ మళ్లీ కొలిచాం, 58.

సీజీని ఎప్పుడూ ఎగిరే బ్యాటరీ పెట్టి, మూత వేసి కొలవాలి. ఈ విమానానికి రెక్క వెడల్పు 200 మిల్లీమీటర్లు, 58 అంటే 29 శాతం. బ్యాటరీ గది నేల మీద మార్కరుతో గీత గీసి, ప్యాక్ ముందు అంచు అక్కడికే వచ్చేలా పెడుతున్నాం. ఆ గీత లేని రోజుల్లో ప్యాక్ పది మిల్లీమీటర్లు అటూ ఇటూ పోయేది.

ప్యాక్ ఏ2. దిగిన పది నిమిషాలకు సెల్‌ల మధ్య తేడా (ఎక్కువ ఉన్న సెల్‌కూ తక్కువ ఉన్న సెల్‌కూ) వరుసగా ఇలా ఉంది: 0.01, 0.02, 0.02, 0.04, 0.07, 0.11. మిగతా మూడు ప్యాక్‌లు 0.02 దాటలేదు. ఛార్జర్‌లో అంతర్గత నిరోధం చూస్తే ఏ2 సెల్‌లు 9, 10, 24 మిల్లీఓమ్‌లు. మూడో సెల్ అయిపోయినట్టే. విచిత్రం ఏమిటంటే నిమిషానికి ఖర్చు మాత్రం 162 దగ్గరే ఉంది. ప్యాక్ పాడవడాన్ని ఆ అంకె చూపదు. సెల్ తేడా చూపుతుంది, అదీ పది మిల్లీవోల్టుల దాకా చదివే చెకరు ఉంటేనే. ఫ్లైట్ 52 తర్వాత ఏ2ను పక్కన పెట్టాం. ఆరుబయట, ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టి, కారు 12 వోల్టుల బల్బు తగిలించి పూర్తిగా ఖాళీ చేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయాలి. మామూలు చెత్తలో వేయకూడదు.

నిరోధం కొలతలో ఒక ఉచ్చు ఉంది. చలికాలం ఉదయం 21 డిగ్రీల గదిలో ఏ1 సెల్‌లు 12, 12, 13 చూపాయి. అదే ప్యాక్ మధ్యాహ్నం 36 డిగ్రీల్లో 8, 8, 9. ప్యాక్ బాగుపడలేదు, వేడెక్కింది, అంతే. వేడి పెరిగేకొద్దీ లైపో నిరోధం తగ్గుతుంది. ఇప్పుడు నియమం: పూర్తి ఛార్జ్‌తో, గదిలో రెండు గంటలు ఉంచాక, నెలకొకసారి, గది ఉష్ణోగ్రత పక్కన రాసి. ఒక ఛార్జర్ అంకెను ఇంకో ఛార్జర్ అంకెతో పోల్చకూడదు.

ఉష్ణోగ్రత గడిని ఫ్లైట్ వరుస నుంచి తీసేసి, పూటకొకసారి పేజీ తలమీద రాస్తున్నాం. పూర్తిగా తీసేయకపోవడానికి కారణం గాలి సాంద్రత. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. పీడనం 950 హెక్టోపాస్కల్‌లు అనుకుంటే, 20 డిగ్రీల ఉదయం ఘనమీటరు గాలి 1.13 కిలోలు, 42 డిగ్రీల మే మధ్యాహ్నం 1.05 కిలోలు. 7 శాతం పలచన. రెక్క అదే బరువును మోయాలంటే వేగం దాదాపు 4 శాతం పెరగాలి. విశాఖ తీరంలో 30 డిగ్రీలప్పుడు కూడా సుమారు 1.16 ఉంటుంది. డిసెంబరు ఉదయాన సరిపోయిన ల్యాండింగ్ వేగం మే మధ్యాహ్నం చాలకపోవడం, విమానం చివరి మీటరులో దబ్బున కూర్చోవడం దీనివల్లే. "ల్యాండింగ్ గట్టిగా" అన్న మాటను ఉష్ణోగ్రత పక్కన చదివితేనే దానికి అర్థం ఉంటుంది. ఎండలో మూసిన కారులో ప్యాక్‌లు వదలకూడదన్నది కూడా ఆ పేజీ తలమీదే రాసి ఉంది. 60 డిగ్రీలు దాటితే లైపోకు ప్రమాదం.

మొత్తం: ఫ్లైట్లు 60. సమయం 255 + 171 = 426 నిమిషాలు, అంటే 7 గంటల 6 నిమిషాలు. ఫ్లైట్ 13 నుంచి ప్యాక్‌ల వాటా: ఏ1 13, ఏ2 9, ఏ3 13, ఏ4 13, కలిపి 48.

ఇప్పుడు వాడుతున్న పట్టిక

పేజీ తలమీద: తేదీ, స్థలం, జోన్ రంగు, మ్యాప్ చూసిన తేదీ, ఉష్ణోగ్రత.

వరుసలో తొమ్మిది గడులు:

1. ఫ్లైట్ నంబరు (ముందు రాత్రి)
2. కూర్పు అక్షరం (ముందు రాత్రి)
3. ప్యాక్ (గ్రౌండ్‌లో, ప్లగ్ మీద చూసి)
4. గాలి అంకె (గ్రౌండ్‌లో)
5. నిమిషాలు, సెకన్లు (చక్రాలు తాకగానే)
6. సెల్ తేడా (పది నిమిషాలకు)
7. స్టోరేజీకి వెళ్లిన ఎంఏహెచ్ (ఇంట్లో)
8. పూర్తి ఛార్జీకి వెళ్లిన ఎంఏహెచ్ (ఇంట్లో)
9. ఏం తగిలింది, ఏం విరిగింది, ఏం మారింది. ఏమీ లేకపోతే అడ్డగీత.

తొమ్మిదో గడిలో "బాగా ఎగిరింది" అని రాయకూడదు. అడ్డగీత ఉందంటే చూసి గీసినట్టు. ఖాళీగా ఉందంటే ఎవరూ చూడలేదని అర్థం. ఈ రెంటికీ తేడా ఉండాలి.

కంప్యూటరు పట్టికలోకి వారానికొకసారి ఎక్కిస్తున్నాం. అక్కడ రెండే లెక్కలు: 7, 8 గడులు కలిపి నిమిషాలతో భాగించడం, ప్యాక్‌వారీగా ఫ్లైట్లు కూడటం. సెకన్లను 60తో భాగించి నిమిషాలకు కలపడం మరవొద్దు. 7:30ను 7.30గా ఎక్కిస్తే ఖర్చు దాదాపు 3 శాతం ఎక్కువ కనిపిస్తుంది. రేడియో సీఎస్‌వీ ఫైలు పేరు చివర ఫ్లైట్ నంబరు, ప్యాక్ చేర్చి అదే ఫోల్డర్‌లో పెట్టాలి. బీఈసీ కనిష్ఠం, లింక్ కనిష్ఠం అనే రెండు అంకెలు మాత్రం పట్టికలోకి తెస్తే చాలు. అవి 4.8, 90 కంటే తగ్గితేనే ఫైలు తెరిచి చూడటం.

చివరి మూడు వరుసలు, అన్నీ ‘న’ కూర్పులోనే:

- 58: ఏ1, గాలి 1, 7:40, తేడా 0.01, మొత్తం 1242 ఎంఏహెచ్, నిమిషానికి 162, అడ్డగీత.
- 59: ఏ3, గాలి 2, 7:30, తేడా 0.02, 1290, నిమిషానికి 172, అడ్డగీత.
- 60: ఏ4, గాలి 2, 7:50, తేడా 0.02, 1363, నిమిషానికి 174, ముక్కు చక్రం తీగ 5 డిగ్రీలు కుడికి వంగింది, సరిచేయాలి.